నూకాలు బుట్టలో ముప్పై మాటలు

ఏడు వాగులు దాటి, ఎర్రమట్టి దిబ్బల వెంట నడిస్తే, పూర్వం ఒక చిన్న సంస్థానం వచ్చేది. దాన్ని ఏలే రాజుగారికి ఇంగ్లీషు చదువంటే మహా మోజు. ఆయన ఒక బడి కట్టించి, కోటలో పిల్లలనూ పేటల్లో పిల్లలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టారు.

ఆ బడిలో ఏడో తరగతి చదివేది నూకాలు. కుమ్మరి గవరయ్య కూతురు. పై తరగతి శాస్త్ర పుస్తకంలో, మెత్తటి మట్టి నిప్పులో ఎందుకు గట్టిపడుతుందో చెప్పే పాఠం ఉందని ఆ పిల్ల విన్నది. తాతముత్తాతల నాటి నుంచి మట్టి కాలుస్తున్నా, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పాఠం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తానే చదవాలని నూకాలు పట్టు.

బడి పంతులు సోమయాజులుగారిది ఒకటే పద్ధతి. లెక్కల్లోనూ శాస్త్రంలోనూ వచ్చే పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు వంద ఏరి సోమవారం నల్లబల్ల మీద రాస్తాడు. శనివారానికి వాటిని వరసగా, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. మూడు వారాలకు మూడు వందలు. అప్పుడు రాజుగారు పరీక్షకు వస్తారు. మూడు వందలూ చెప్పినవాళ్లు పై తరగతికి, తప్పినవాళ్లు ఇంటికి.

మొదటి శనివారం దివాన్‌గారి మేనల్లుడు రంగధామం వందా గడగడా అప్పజెప్పేశాడు. నూకాలు పది చెప్పి ఆగిపోయింది.

"మిగతా తొంభై ఏవే?" అన్నాడు పంతులు.

"అవి ఇంకా పచ్చిగా ఉన్నాయి పంతులుగారూ. కాలనివ్వండి."

తరగతి గొల్లున నవ్వింది. పంతులు ఆ పిల్లను వసారాలో నిలబెట్టాడు.

నూకాలుకు తెలిసిన పద్ధతి వేరు. వాళ్ల నాన్న ఆవంలోంచి కాలిన కుండలు తీశాక, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. కంగుమంటే సంతకు, బొద్దుమంటే పక్కకు. మోగని కుండను ఎవరికీ అంటగట్టడు. ఆ పిల్ల మాటలనూ అలాగే చూసేది. బడి విడిచాక పంతులు వెంటపడి, ఈ మాట ఏం పని చేస్తుందని అడిగేది. ఆయన విసుక్కుంటూనే చెప్పేవాడు. ఇంటికి వచ్చి ఆ మాటకు పని పెట్టేది. మట్టికుప్ప చూసి ఎన్ని కుండలు అవుతాయో చెబుతూ 'ఎస్టిమేట్' అనేది. రెండు మూకుళ్లు పక్కపక్కన పెట్టి 'కంపేర్' అనేది. ఏటే, కుండలతో కబుర్లాడుతున్నావని తల్లి నవ్వేది. మూడు చోట్ల పనికి వచ్చిన మాటనే పెంకు మీద బొగ్గుతో రాసి బుట్టలో వేసుకునేది.

రెండో శనివారానికి బుట్టలో ఇరవై పెంకులు. మళ్లీ వసారాయే. మూడో శనివారానికి ముప్పై.

"మూడు వందలకు ముప్పై. రేపటి నుంచి ఆ పెంకులు ఇంటి దగ్గరే ఏరుకో," అన్నాడు పంతులు.

"రాజుగారు వచ్చి పొమ్మంటే పోతాను. అప్పటిదాకా వసారాలో ఉంటాను," అంది నూకాలు. కదలలేదు.

సోమవారం రాజుగారు వచ్చారు. బడికి కానుకగా రంగులు పూసిన కొత్త బాన ఒకటి మోయించుకు వచ్చారు. దాన్ని బడి పాత బాన పక్కన పెట్టించి, తాను పట్టు తివాచీ మీద కూర్చున్నారు.

రంగధామం మూడు వందల మాటలూ అప్పజెప్పాడు. రాజుగారు మెచ్చుకుని, తొంభై ఒకటో మాట ఏమిటన్నారు. రంగధామం మొదటి మాట నుంచి ఎత్తుకున్నాడు. అక్కడినుంచి వస్తే తప్ప వాడికి తొంభై ఒకటి దొరకదు. రాజుగారు నవ్వి, పోనీ 'కంపేర్' అనే మాటతో ఈ రెండు బానల గురించి చెప్పమన్నారు. వాడు 'కంపేర్' తర్వాత వచ్చే మాటా, ఆ తర్వాతదీ చెప్పాడు. ఇంకెవరైనా చెబుతారా అని రాజుగారు తరగతి వైపు తిరిగారు.

పిలవకుండానే నూకాలు లోపలికి వచ్చింది. పాత బానను కణుపుతో కొట్టింది. కంగుమంది. కొత్త బానను కొట్టింది. బొద్దుమంది.

"ఐ కంపేర్ టూ పాట్స్. న్యూ పాట్ ఈజ్ క్రాక్డ్. సౌండ్ ఈజ్ మై ఎవిడెన్స్," అంది. రెండు బానలూ పోల్చి చూశాను, కొత్తది పగిలి ఉంది, ఆ చప్పుడే నాకు ఆధారం అని.

పంతులు ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. రాజుగారి కానుకను తప్పు పడతావా, కాళ్ల మీద పడు అని గద్దించాడు.

"తప్పని తేలితే పడతాను. నీళ్లు పోయించండి. నా ఎస్టిమేట్ పది చెంబులు. ఆ లోపలే కారుతుంది."

రాజుగారు కనుసైగ చేశారు. ఒకటి, రెండు, మూడు చెంబులు పోశారు. ఏమీ కాలేదు. రంగధామం కిసుక్కుమన్నాడు. ఏడో చెంబుకు బాన పొట్ట మీద రంగు ఉబ్బింది. ఎనిమిదో చెంబుకు పెచ్చు ఊడి, నీళ్లు ధారగా రాజుగారి తివాచీ మీదకు వచ్చాయి.

రాజుగారు తడిసిన పంచె అంచు పైకెత్తి పట్టుకుని, నీకు ఎన్ని మాటలు వచ్చని అడిగారు.

"ముప్పై."

"మిగిలినవి?"

"నేర్చుకుంటాను ప్రభూ. కానీ కొట్టి చూసుకునే తీసుకుంటాను. మీరు వద్దన్నా అంతే."

రాజుగారు పంతులు వైపు తిరిగి, ఈ పిల్లకు పై తరగతి పుస్తకం ఇప్పుడే ఇమ్మన్నారు. నూకాలు అక్కడే కూర్చుని మట్టి పాఠం తెరిచింది. మొదటి వరుసలో తెలియని మాటలు నాలుగున్నాయి. పంతులుగారిని పిలిచి, మొదటిది ఏం పని చేస్తుందని అడిగింది. ఈసారి ఆయన విసుక్కోలేదు.

పిల్లలూ, వల్లించిన మాట పరీక్షదాకానే వస్తుంది. పనిలో పెట్టి చూసుకున్న మాట బతికున్నంత కాలం మన వెంట ఉంటుంది.