గాదె తలుపు

పెదకోనలో దేవుడికంటే దండోరాకే ఎక్కువ భయపడే రోజులవి. వానల్లేక పొలాలన్నీ ఎండిన ఆ ఏడు, కరువుకని దాచిన ధాన్యాన్ని మఠంవాళ్లే అమ్ముకు తిన్నారని ఊరంతా గుప్పుమంది. పీఠాధిపతికి ఒళ్లు మండింది. ఆ మాట ఎవరి నోట వచ్చినా సరే, వాళ్లు ఊరు విడవాల్సిందేనని చాటించాడు.

మర్నాడే శిష్యుడు విరూపాక్షుడు మరమరాలమ్మే గవరమ్మను జనమంతా చూస్తుండగా మఠానికి ఈడ్చుకొచ్చాడు. "స్వామీ, సంతలో ఇది తమర్ని నిందించింది!"

పుట్టిన ఊరు చేజారేలా ఉన్నా గవరమ్మ తల దించలేదు. "ఏమన్నానో చెప్పించండి సామీ."

"మఠం ధాన్యం అమ్ముకు..." విరూపాక్షుడు టక్కున నోరు మూసుకున్నాడు.

"ఆగారేం అయ్యగారూ? పూర్తిగా చెబితే నాతోపాటు మీరూ మూటాముల్లె సర్దుకోవాలి. చెప్పకపోతే నా తప్పేంటో ఎవరికీ తెలీదు."

జనం కిసుక్కుమన్నారు.

"అంతా అబద్ధం! గాదె నిండుగా ఉంది!" అని స్వామి అరిచాడు.

"అయితే ఇన్ని నోళ్లు మూయించడమెందుకు సామీ? ఆ ఒక్క తలుపూ తెరిపించండి."

తెరిపించక తప్పలేదు. గాదె నిజంగానే నిండుగా ఉంది.

"చూశావుగా, ఇక వెళ్లు" అన్నాడు స్వామి గర్వంగా.

గవరమ్మ కదల్లేదు. కొంగు పట్టింది. "కరువు ధాన్యమే కదా సామీ! మరి ఇప్పుడున్నది కరువు కాదా?"

ఆమె వెనకాల ఊరంతా కొంగులు పట్టింది.