గువ్వకు పది రోజుల గడువు

మల్లెకొండ అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే కీర్తిభూపాలుడికి తనంత తెలివైనవాడు ముల్లోకాల్లో లేడని గట్టి నమ్మకం. కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనుక ఆ నమ్మకం అలాగే ముదిరిపోయింది.

ఆయనకు ఎవరో వర్తకుడు ఒక తెల్లని కుక్కపిల్లను కానుకగా ఇచ్చాడు. జానెడు ప్రాణి. కుక్కలను సాకే ఓబులమ్మ దానికి గువ్వ అని పేరు పెట్టింది.

రాజుగారు దాన్ని తానే తీర్చిదిద్దుతానన్నారు. చేత బెత్తం పట్టుకుని "గువ్వా, రా" అనేవారు. అది బెదురుతూ వచ్చేది. ఆలస్యమైందని వీపు మీద ఒకటి అంటించేవారు. నాలుగు రోజులయ్యేసరికి ఆయన గొంతు వింటే చాలు, అది మంచం కింద దూరేది. అందుకు మరో రెండు దెబ్బలు.

ఓబులమ్మకు కడుపు మండిపోయింది. నిండు సభలో నిలదీసింది.

"వచ్చినాక కొడితే యెట్ల దొరా? మీ కాడికి వచ్చేదే తప్పని దానికి తెలిసిపాయ. ఇంక యెందుకొస్తాది?"

"దండం దశగుణం భవేత్," అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ. "పది రోజులు గడువు. అప్పటికీ పిలిస్తే రాకపోతే దాన్ని అడవిలో వదిలేయండి."

అడవినిండా నక్కలు. ఆ జానెడు ప్రాణి ఒక్క పూటైనా బతకదు. ఆ మాట తెలిసీ సభలో పెద్దలందరూ తలలూపారు. అంత చదువూ ఎందుకు, తగలెయ్యనా?

అప్పుడు మాచన లేచాడు. ఆస్థానంలో హాస్యపు మాటలకు పేరుపడ్డవాడు.

"ప్రభూ, బెత్తం ముట్టకుండా ఈ పది రోజుల్లో ఒక మొండి అలవాటు మాన్పిస్తాను. లేదంటే గువ్వతోపాటు నన్నూ అడవికి పంపండి. తమరు దాన్ని పిలిచే వేళ తాంబూలం పెట్టెతో పక్కన నిలబడనిస్తే చాలు."

రాజుగారు సరేనన్నారు.

ఆ రోజు నుంచి ఓబులమ్మ తన గుడిసెలో గువ్వను పేరు పెట్టి పిలవడం, వస్తే చిన్న మాంసం ముక్క పెట్టడం, రాకపోతే ఊరుకోవడం. అది ఆమెను అల్లుకుపోయింది. కానీ రాజుగారి ముందుకు తీసుకెళ్తే ఆమె కొంగు వదిలేది కాదు.

మాచన చేసేదేమీ ఆమెకు కనిపించలేదు. రాజుగారు బెత్తం ఎత్తితే పెట్టె మూసి గోడకేసి చూసేవాడు. బెత్తం దించితే, "ఆహా, ఏమి దర్జా ప్రభూ" అంటూ కమ్మని కిళ్ళీ అందించేవాడు. ఓపిగ్గా మాట్లాడితే రెండు.

"కుక్క పానం పోతావుంటే రాజుకు భజన చేస్తివి. నీకు సిగ్గు లేదా మాచనయ్యా?" అని ఓబులమ్మ కడిగేసింది.

"పదో రోజుదాకా ఓర్చుకో అక్కా," అన్నాడతను.

పదో రోజు సభ కిటకిటలాడింది. రాజుగారు చేతులు చాచి, "గువ్వా, ఇలా రామ్మా" అన్నారు. గువ్వ ఆ చేతులకేసి చూసింది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్ళీ చూసింది. గునగునా నడుచుకుంటూ వెళ్ళి ఆయన పాదాల దగ్గర కూర్చుంది.

"చూశారా దండం మహిమ," అని రాజుగారు పొంగిపోయారు.

"ఆ దండం ఏది ప్రభూ?" అన్నాడు మాచన.

రాజుగారు చూసుకున్నారు. ఒక చెయ్యి ఖాళీ. రెండోది అప్పటికే తాంబూలం పెట్టెకేసి చాచి ఉంది.

"మూడు రోజులుగా తమరు దాన్ని తేవడమే మరిచారు. నేను మాన్పిస్తానన్న అలవాటు గువ్వదని ఎక్కడా అనలేదు ప్రభూ."

రాజుగారి ముఖం ఎర్రబడింది. అంతలో ఆయన పొట్ట పట్టుకుని నవ్వేశారు.

"కిళ్ళీలతో నన్నే మచ్చిక చేశావట్రా," అంటూ చేతి కంకణం తీసి మాచనకు తొడిగారు. "ఓబులమ్మా, నీకేం కావాలో అడుగు."

అందరూ నవ్వుతున్నారు గానీ ఆమె నవ్వలేదు.

"నాకేమొద్దు దొరా. దాని వీపు మీద వాతలు ఇంకా మానలేదు. కిందికి దిగి మీ చేత్తో ఒక ముద్ద పెట్టండి."

రాజుగారు పెరుగన్నం తెప్పించి, నేల మీద కూర్చుని ముద్ద చాచారు. గువ్వ వాసన చూసి ముఖం తిప్పుకుంది. ఆయన కళ్ళలో పాత కోపం మెదిలింది, కానీ చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు.

అది తినేదాకా ఆ రోజు సభ సాగలేదు.