దీపానికి కట్టిన రేకు

గంగులమ్మ కుడిచేతి వేళ్లు రెండు మాఘ శుద్ధ పంచమి, బుధవారం పొద్దున తెగిపోయాయి. మఠం ఆవులకు గడ్డి కత్తిరించే మిషను దగ్గర, తిరుగుతున్న బెల్టుకీ చక్రానికీ మధ్య చెయ్యి పడింది.

మఠం వ్యవహారాలు చూసే శిష్యుడు వీరభద్రయ్యకు ఆనాటినుంచి తిండి సయించలేదు. ఆ వేళ్ల గురించి అనుకునేరు. మిషను దగ్గరికి ఒక్క కూలీ కూడా రావడం లేదు, అదీ ఆయన బాధ. తోచినవన్నీ చేశాడు. మిషనుకు నిమ్మకాయలు కట్టాడు, పసుపూ కుంకుమా పెట్టాడు, బూడిదగుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టాడు. గంగులమ్మే ఒళ్లు దగ్గర పెట్టుకోలేదని నలుగురిలో అని, ఆ ముచ్చటా తీర్చుకున్నాడు.

సోమవారం అత్త గంగులమ్మ బదులు పనికొచ్చిన కోడలు రాములక్క కొడవలి పట్టుకుని మిషను ముందు నిలబడింది. ఎంత గడ్డయినా చేత్తో కోసి పెడతాను గానీ దాన్ని మాత్రం ముట్టనంది.

"దిష్టి తీశాను కదమ్మా," అన్నాడు వీరభద్రయ్య.

"దిష్టి తీస్తే చక్రానికి కళ్లొస్తాయా సామీ? కళ్లుంటే ఆనాడే మా అత్త చెయ్యి చూసేది గదా."

ఇది తనతో తేలేది కాదని గురువు బాలమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎనభై దాటిన ఆవిడ అరుగుమీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కూలీల భయం పోయేలా మిషనుకు మీ చేత్తో ఒక రక్ష కట్టండి అని అడిగాడు.

"కొన్ననాడు దాని బెల్టు మీద ఓ రేకు మూత ఉండాలే. ఏదీ?"

వీరభద్రయ్య కొంచెం గర్వంగానే చెప్పాడు. పడమటి గాలికి అఖండదీపం రెపరెపలాడుతుంటే, పోయిన నెల ఆ మూత ఊడదీసి దీపానికి అడ్డంగా కట్టాడు. పదకొండేళ్లుగా ఆరని దీపం. వెలిగించిన తేదీ పక్కనే పలకమీద రాసిపెట్టి, రోజూ దాని దుమ్ము దులిపేది కూడా తనే.

బాలమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. మందిరంలోకి వెళ్లి రేకు కట్లు విప్పింది. గాలి రివ్వున లోపలికొచ్చింది. వీరభద్రయ్య గబాల్న దీపం చుట్టూ రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు.

ఆవిడ రేకు చంకన పెట్టుకుని గుమ్మం దాటింది.

"పానా తీసుకుని రా."

"చేతులు తీస్తే ఆరిపోతుందమ్మా."

"పదివేళ్లూ ఉన్నవాడివి. వచ్చి బోల్టులు బిగించు."

ఆవిడ ఆగలేదు. పెరట్లో రాములక్క కొడవలి చప్పుడు వినబడుతూనే ఉంది. దీపం వెలుగులో ఎర్రగా కనబడుతున్న తన వేళ్ల వంక వీరభద్రయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత చేతులు తీసేశాడు.

నాలుగు బోల్టులూ తనే బిగించాడు. రాములక్క రేకును పట్టుకుని ఊపి చూసి, ఇంకో చుట్టు తిప్పమంది. తిప్పాడు.

సాయంత్రం దీపం మళ్లీ వెలిగించి, పలకమీది పాత తేదీని తడిగుడ్డతో తుడిచాడు. కొత్త తేదీ రాయబోయి, ఆగి, ఇలా రాశాడు:

"మిషను మూత ఊడదీసినది వీరభద్రయ్య. గంగులమ్మ తప్పేమీ లేదు. మూత తిరిగి బిగించినది మాఘ శుద్ధ దశమి, సోమవారం."