భీమలింగం మెడలోని గంట

వాగు మలుపు తిరిగే చోట, మోదుగు చెట్ల మధ్య, ఎర్రమట్టి గోదా ఒకటి ఉండేది. ప్రతి సోమవారం ఎండ తగ్గగానే అడవిలోని జంతువులన్నీ అక్కడ చేరేవి. కుందేళ్ళు ముందు వరసలో, జింకలు వెనక, కోతులు కొమ్మల మీద. ఆ పూట ఎవరూ ఎవరి జోలికీ పోరు. అక్కడి కుస్తీల్లో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే రాసి ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, తెలిసే వచ్చేవారు. సీతమ్మ మెడలో తాళి ఎవరు కడతారో తెలిసే మనం కల్యాణానికి వెళ్తాం కదా, ఇదీ అంతే. గెలిచేది ఎవరని కాదు, ఎలా గెలుస్తారో చూడాలని వాళ్ళ ఆశ.

ఈ చిన్న సంగతి తెలియనివాడు అడవి మొత్తానికి ఒక్కడే. ఖర్మకొద్దీ కథలు రాసేది అతనే.

అతను పరంధామం అనే నక్క. పక్క అడవి నుంచి వచ్చి రెండేళ్ళయింది. గోదా పక్కన ఏ రైతో వదిలేసిన మంచె ఉంటే దానెక్కి కూర్చుని, మోదుగాకుల మీద గోటితో కథలు గీకి కిందికి విసిరేవాడు. ఆకు మీద ఉన్నదే గోదాలో జరగాలి. కాదన్నవాడికి మళ్ళీ పిలుపు ఉండదు. రెండేళ్ళలో పరంధామం ఒక్కసారి కూడా మట్టిలో కాలు పెట్టలేదు. తోక ఎర్రబడుతుందని భయం.

గోదాకి పెద్ద దిక్కు భీమలింగం అనే ఎద్దు. తొమ్మిదేళ్ళుగా కుస్తీ పడుతున్నాడు. మెడలో కంచు గంట ఒకటి ఉంటుంది. అది మోగిందంటే ముసలి తాబేలు కూడా మెడ బయటికి పెట్టి చూసేది. ఆ గంట ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు ఎలుగుబంటి అప్పలస్వామి మెడలో ఉండేది. కుర్రతనంలో భీమలింగం ఆయన్ని ఓడించిన రోజున ఆయనే స్వయంగా తీసి ఇతని మెడలో వేశాడు.

ఆ గోదాలో గంటకి రెండే దారులు. ఓడినవాడు గంట తీసి మట్టిలో పెడితే అతని పని అయిపోయినట్టు, ఇక గోదా గట్టు తొక్కకూడదు. అలా కాక గెలిచినవాడి మెడలో వేస్తే, వేసినవాడు వస్తాదు, వేయించుకున్నవాడు శిష్యుడు. శిష్యుడు వస్తాదు మాట జవదాటకూడదు. శిష్యుడి ఇంటి పెద్ద తట్టెడు కొత్తమట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చి గోదాలో పొయ్యాలి. ఈ కట్టుబాట్లు ఎక్కడా రాసి లేవు. తెల్లవారుజామున మట్టి తొక్కడానికి దిగిన ప్రతివాడికీ పెద్దవాళ్ళు చెబుతారు. మంచె మీదున్నవాడికి ఎవరు చెబుతారు?

నాలుగు నెలల కిందట పరంధామం బావమరిది చిట్టిబాబు వచ్చాడు. తోడేలు. మనిషి పుష్టిగానే ఉన్నాడు గానీ పొద్దెక్కాక గాని లేవడు. అతన్ని అడవిలో అందరికన్నా పెద్ద మల్లుణ్ణి చేస్తానని పరంధామం అతని అక్కగారికి, అంటే తన భార్యకి, మాటిచ్చాడు. అందుకు అతనికి తోచిన దారి ఒక్కటే. జనం భీమలింగాన్ని ప్రేమిస్తారు కాబట్టి, భీమలింగాన్ని కొడితే ఆ ప్రేమంతా కొట్టినవాడికి వచ్చేస్తుందనుకున్నాడు.

మొదటి సోమవారమే భీమలింగం రెండు పట్లలో వెల్లకిలా పడాలని రాశాడు. మరుసటి వారం బంతిపూల దండ వేసుకుని గెంతులెయ్యాలన్నాడు. ఆపై వారం ఏ కారణమూ లేకుండా కుందేలు పిల్లల్ని కసరాలన్నాడు, ఆ పైవారం మళ్ళీ మంచివాడైపోవాలన్నాడు. జనానికి తలా తోకా తెలియలేదు. చిట్టిబాబు వారం వారం గెలిచాడు, వారం వారం తిట్లు తిన్నాడు. గెలిచి గట్టు మీదికి వచ్చేసరికి కోతులు కాయలు విసిరేవి. పాపం, అతను పైకి నవ్వేవాడు గానీ లోపల కుంగిపోతున్నాడని చూసినవాళ్ళకి తెలిసేది.

చివరికి ఒక ఆకు వచ్చి పడింది. వచ్చే సోమవారం భీమలింగం మూడో పట్టుకి ఓడాలి, గంట తీసి మట్టిలో పెట్టాలి, తల దించుకుని వెళ్ళిపోవాలి.

భీమలింగం ఆ ఆకుని ఒకటికి నాలుగుసార్లు చదివాడు. పక్కనే మాణిక్యమ్మ అనే ముసలి మేక మట్టి తొక్కుతోంది. మజ్జిగా పసుపూ కలిపి గోదా మట్టిని మెత్తగా ఉంచే పని ఆవిడది. ఎవరెన్ని కుస్తీలు పట్టినా గట్టు పక్కన నిలబడి అన్నీ చూసింది ఆవిడొక్కతే.

"ఓడిపోవడానికి నాకు బాధ లేదమ్మా. అప్పలస్వామిగారి గంట మట్టిలో పెట్టడమే నా వల్ల కాదు," అన్నాడు భీమలింగం.

మాణిక్యమ్మకి ఒళ్ళు మండింది. నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఈ కథ తన చేతిలో ఉంటేనా, అని మొదలుపెట్టింది. మొదటి వారం చిట్టిబాబు చేత అసలు కుస్తీయే పట్టించేది కాదట. గట్టు మీద కూర్చోబెట్టి భీమలింగాన్ని కళ్ళార్పకుండా చూడమనేదట. రెండో వారం చిన్నవాడి మీద గెలిపించి, మూడో వారం గోదా దిగుతున్న భీమలింగం ఎదురుగా నిలబెట్టి గంటని ఒక్కసారి వేలితో మీటించేదట. అంతే, ఆ చప్పుడికి జనం లేచి నిలబడకపోతే తన గడ్డం గొరిగించుకుంటానంది. ఆ తరవాత మూడుసార్లు భీమలింగమే గెలవాలి, ప్రతిసారీ చిట్టిబాబు ఇంకొంచెంసేపు నిలబడాలి. నాలుగోసారి పడగొడితే అప్పుడు తిట్టేవాడెవడు?

"వాణ్ణి మొదటి రోజే గెలిపించి వాడి నోట్లో మట్టి కొట్టాడయ్యా ఆ నక్క. నీకు చేసిన అన్యాయం కన్నా వాడికి చేసిందే ఎక్కువ," అంది.

అది నిజమేనని భీమలింగానికీ తోచింది. కానీ పోయిన సోమవారాలు తిరిగి రావు కదా అన్నాడు. ఉన్న ఒక్క సోమవారం చాలంది మాణిక్యమ్మ. ఆకు మీద ఒక్క మాట మారితే చాలు, ఆ మాట నక్క చేతే మార్పిస్తానంది.

"ఆ బద్ధకస్తుడికా అప్పలస్వామిగారి గంట?"

"నువ్వు కుర్రాడిగా వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గట్టు ఎక్కబోయి నా మజ్జిగ కుండలో పడ్డావు. అప్పలస్వామి నిన్ను చూసి నవ్వలేదు."

భీమలింగం తల ఊపాడు.

మర్నాడు మాణిక్యమ్మ మంచె కిందికి వెళ్ళి తల పైకెత్తి నిలబడింది. పరంధామంగారి కొత్త కథ అద్భుతంగా ఉందని, తన వయసులో ఇంత గొప్ప కథ చూడలేదని మొదలుపెట్టింది. పరంధామం చెవులు నిక్కబొడుచుకున్నాయి. అయితే ఒక్కటే దిగులంది. ఆ గంట మట్టిలో పెడితే వెనక వరసలో జింకలకి ఏం కనబడుతుంది? మంచె మీద నుంచి తమకైనా కనబడుతుందా?

"అయితే ఏం చెయ్యాలంటావు?" అన్నాడు పరంధామం.

"నాకేం తెలుసు బాబూ, మట్టి తొక్కుకునేదాన్ని. అదే గంట మీ బావమరిదిగారి మెడలో మెరుస్తుంటే అడవంతా చూస్తుంది కదా అనిపించింది. తమరికి ఈపాటికే తోచి ఉంటుంది."

తనకి ఈపాటికే తోచిందని పరంధామం ఒప్పుకున్నాడు. నిన్న రాత్రే తోచిందన్నాడు కూడా. వెంటనే పాత ఆకు చింపేసి కొత్తది గీశాడు. భీమలింగం మూడో పట్టుకి ఓడి, తన గంటని తన చేతులతో చిట్టిబాబు మెడలో వెయ్యాలి. అంతటితో ఊరుకుంటే పరంధామం ఎందుకవుతాడు? గాడిదని పిలిచి అడవంతా చాటింపు వేయించాడు.

చాటింపు విన్న పెద్దవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తొమ్మిదేళ్ళుగా జరగనిది ఇప్పుడు జరగబోతోంది. గోదాకి రావడం మానేసిన ముసలి దుప్పులు, నడుము పట్టేసిన అడవిపందులు కూడా ఆ సోమవారానికి బయలుదేరాయి. పరంధామానికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. కథ బాగుంది, కథ బాగుంది అని మెచ్చుకుని ఊరుకున్నారు.

సోమవారం గోదా చుట్టూ కాలు పెట్టడానికి చోటు లేదు. తన కథ మహిమ అనుకుని పరంధామం మంచె మీద మీసాలు దువ్వుకున్నాడు. చిట్టిబాబు దిగగానే ఎప్పటిలాగే గోల మొదలైంది. భీమలింగం మట్టి తీసి కళ్ళకద్దుకున్నాడు. తోడేలుకీ ఇంత మట్టి ఇచ్చి అలాగే చెయ్యమన్నాడు. అదేమిటో తెలియకపోయినా చిట్టిబాబు చేశాడు.

మొదటి పట్టులో భీమలింగం అతన్ని అలవోకగా విసిరేశాడు. రెండో పట్టులో కాసేపు నిలబడనిచ్చి విసిరేశాడు. ఆకులో ఓడాల్సింది మూడో పట్టుకి కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. తోడేలు రొప్పుతూ లేచాడు. నాలుగు నెలల్లో అతనికి నిజంగా చెమట పట్టింది అదే మొదలు. మూడోసారి కలబడినప్పుడు భీమలింగం అతని చెవిలో మెల్లిగా చెప్పాడు.

"ఎడమ కాలు వెనక్కి పెట్టు. భుజంతో కాదురా, నడుముతో ఎత్తు. నేను చెప్పినప్పుడు."

చిట్టిబాబు కాలు వెనక్కి పెట్టాడు. భీమలింగం చెప్పినప్పుడు నడుముతో ఎత్తాడు. అంత బరువైన ఎద్దు గాలిలోకి లేచి దబ్బున మట్టిలో పడ్డాడు. పడినవాడికన్నా పడేసినవాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తిట్టడానికి నోరు తెరిచిన కోతులు అలాగే ఉండిపోయాయి. అది దొంగ పట్టు కాదని గోదా ఎరిగిన ప్రతివాడికీ తెలిసింది.

భీమలింగం నెమ్మదిగా లేచాడు. గంట తీశాడు. ఒక్క క్షణం దాన్ని గుండెకి ఆనించుకున్నాడు, అప్పుడు అతని కళ్ళు చెమ్మగిల్లిన మాట నిజం. తరవాత తల వంచమన్నాడు. చిట్టిబాబు వంచాడు. గంట మెడలో పడి మోగింది.

ముసలి తాబేలు ముందుగా లేచింది. "వస్తాదుగారూ," అని పిలిచింది. వెనక నుంచి దుప్పులు అందుకున్నాయి, అడవిపందులు అందుకున్నాయి, చివరికి కోతులు కూడా. వస్తాదు, వస్తాదు అని గోదా మారుమోగింది. ఆ పిలుపు తన బావమరిదికే అనుకుని పరంధామం మంచె మీద లేచి చేతులు ఊపాడు.

చిట్టిబాబుకి మాత్రం అది తనకి కాదని అర్థమైంది. పక్కనున్న కుందేలు రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అతను గంట తీసి విసిరేస్తాడేమోనని మాణిక్యమ్మ ఒక అడుగు ముందుకేసింది. తోడేలు గంటని తడిమి చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఇవాళ ఒక్క కాయ కూడా పడలేదు. ఎవరూ చెప్పకుండానే, ఏ ఆకులోనూ లేకుండానే వంగి భీమలింగం కాళ్ళు పట్టుకున్నాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు వస్తాదుగారూ?"

"కోడి కూయకముందు," అన్నాడు భీమలింగం.

అడవిలో అంత పెద్ద కేక ఎప్పుడూ పుట్టలేదు.

అప్పటికి గాని పరంధామానికి ఏదో అనుమానం రాలేదు. కంగారుగా గాడిదని పిలిచి ఇదంతా ఏమిటని అడిగాడు. గాడిద అమాయకుడు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. భీమలింగం ఇక గోదాకి వస్తాదు. చిట్టిబాబు ఏం చెయ్యాలో ఇకపై వస్తాదు చెబుతాడు, ఆకు చెప్పదు. అది తను రాసింది కాదని నక్క అరిచాడు. ముసలి తాబేలు ఆకు తెచ్చి అతనికే చూపించింది. రాత అతనిదే, చాటింపు కూడా అతనిదే.

ఈలోగా నాలుగు కోతులు ఖాళీ తట్ట తెచ్చి మంచె కింద పెట్టాయి. శిష్యుడి ఇంటి పెద్ద ఎవరని దుప్పి అడిగింది. అందరూ మంచె వైపు చూశారు. భార్యకిచ్చిన మాట పరంధామానికి గుర్తొచ్చింది. బావమరిది కూడా కిందనుంచి చూస్తున్నాడు, అదీ ఆశగా. తప్పించుకునే దారి లేదు. రెండేళ్ళలో తొలిసారి నక్క మంచె దిగాడు.

వాగు గట్టు నుంచి తట్టెడు ఎర్రమట్టి నెత్తిన పెట్టుకుని, చెవుల మీదుగా, మీసాల మీదుగా, తోక పొడవునా మట్టి రాలుతుండగా అతను జనం మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. గోదాలోకి దిగబోయి జారి కూలబడ్డాడు. ఎవరో నవ్వబోతే భీమలింగం వారించి, చెయ్యిచ్చి లేవదీశాడు.

"అక్కడ కాదు బాబూ, ఇటు పొయ్యండి," అంది మాణిక్యమ్మ, తన కాలితో చోటు చూపిస్తూ. "ఇప్పుడు కథ మొదలైంది."

గోదా మట్టి అంటనివాడు గోదా కథ రాస్తే, చివరికి ఆ మట్టి తనే మొయ్యాల్సి వస్తుంది.