గవరమ్మ ఇల్లు

రాజులకి కోటలూ మనకి గుడిసెలూ ఉన్న రోజుల్లో, అనగనగా ఏటి ఒడ్డున కొటారుపాలెం అని ఓ ఊరుండేది. ఉప్పు పండించుకుని బతికే ఊరు. అన్నీ తాటాకు గుడిసెలే. వానొస్తే లోపలా వానే, బయటా వానే.

ఆ ఊళ్ళో గవరమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఓ గుడిసె, ఓ ఉప్పుమడి, పుట్టెడు కుళ్ళు. పక్కింటి పైడమ్మ గుమ్మడిపాదు పూతకొస్తే గవరమ్మకి కూడు సయించేది కాదు. పైడమ్మ కోడి పొదిగితే నిద్ర పట్టేది కాదు. పైడమ్మకి పిల్ల పుడితే మూడు రోజులు తలుపు తియ్యలేదు. అలాగని ఆవిడొక్కత్తే అనుకునేరు! ఊరంతా అంతే. మిగతావాళ్ళు దాచుకునేవారు, ఆవిడ దాచుకునేది కాదు. నవ్వకండి, మీ కడుపులో లేదా?

ఆ దేశపు రాజుగారికి ఓ ఏడు మంచి బుద్ధి పుట్టింది. ఏడాదికోసారి ప్రతి ఊరికీ ఒక ఇంటికి సరిపడా దూలాలూ, వాసాలూ, పెంకులూ బళ్ళ మీద పంపిస్తానన్నాడు. అయితే ఓ కట్టుబాటు పెట్టాడు. ఎవరి ఇల్లు వాళ్ళు అడక్కూడదు. పక్కవాడి ఇల్లు అడగాలి. అడిగేవాళ్ళు లేకపోతే బళ్ళు పక్క ఊరికి పోతాయి.

మొదటి ఏడు బళ్ళొచ్చాయి. రాజుగారి పేష్కారు ఊరి మధ్య నిలబడి, "ఎవరి ఇల్లు అడుగుతారయ్యా?" అన్నాడు. ఎవరూ నోరు మెదపలేదు. నేను అడిగితే వాడికొస్తుంది, నాకేం మిగులుతుంది? ఇదీ అందరి మనసులో మాట. బళ్ళు ఏరు దాటి మొగలిపేటకి పోయాయి.

రెండో ఏడు బళ్ళొచ్చాయి. "ఎవరి ఇల్లు అడుగుతారయ్యా?" అన్నాడు పేష్కారు. ఈసారి సన్యాసి లేచి అప్పన్న ఇల్లు అడిగాడు. అప్పన్న లేచి సన్యాసి ఇల్లు అడిగాడు. ముందే కూడబలుక్కున్నారు మరి. ఎవరికొచ్చినా చెరి సగం కలప. పేష్కారు వెళ్ళి చూస్తే రెండిళ్ళకీ కొత్త తాటాకు కప్పుంది. "మీ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు?" అని అడిగాడు. బావమరుదులు. బళ్ళు ఏరు దాటి మొగలిపేటకి పోయాయి.

మొగలిపేటలో రెండు పెంకుటిళ్ళు లేచాయి. సాయంత్రం ఎండ పడితే అవి ఎర్రగా మెరిసేవి. కొటారుపాలెం వాళ్ళు ఉప్పు గోకుతూ అటే చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవారు. గవరమ్మయితే అటువైపు తిరిగి కూర్చోవడమే మానేసింది.

మూడో ఏడు బళ్ళొచ్చాయి. "ఎవరి ఇల్లు అడుగుతారయ్యా?" అన్నాడు పేష్కారు. మళ్ళీ ఎవరూ నోరు మెదపలేదు. బండివాళ్ళు ఎడ్లని ఏటివైపు తిప్పారు. మూడో పెంకుటిల్లు కూడా అవతలి ఒడ్డునే లేస్తుందనేసరికి గవరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఆపండి బాబూ! నానడుగుతాను," అని కేకేసింది.

ఊరంతా తిరిగి చూసింది.

"ఎవరి ఇల్లమ్మా?"

గవరమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. తన ఇల్లు అడగడానికి లేదు. తన కోసం అడిగేవాళ్ళు ఊళ్ళో లేరని తనకీ తెలుసు. ఆఖరికి పళ్ళు కొరుకుతూ, "ఇదిగో, ఈ పైడమ్మ ఇల్లు," అంది.

"నీకు చుట్టమా?"

"సుట్టమా! దాని మొకం సూత్తే నాకు పడదు బాబూ. దానికి ఇల్లొస్తే నా కడుపు రగిలిపోద్ది. ఇప్పుడే రగులుతంది."

"మరెందుకు అడుగుతున్నావు?"

"వానొచ్చినప్పుడల్లా ఆ పసిగుంటని బుట్టలో ఎట్టుకుని మంచం మీద నిలబడతాది. దానింట్లోకి తొంగి సూడ్డమే నా పని గదా, సూసేసాను. ఏటి సేత్తాను? నాకు కుళ్ళే. ఐనా అడుగుతన్నాను."

పేష్కారు పెద్దగా నవ్వాడు. "చుట్టం అడిగితే నేను వెళ్ళి చూడాలి. నువ్వడిగాక చూసే పని లేదమ్మా," అని కలప అక్కడే దింపించాడు.

పైడమ్మ ఇల్లు లేచింది. ఊరంతా తలో చెయ్యీ వేసింది. గవరమ్మ కూడా మట్టి తొక్కింది, గొణుక్కుంటూనే. గృహప్రవేశం నాడు పైడమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "రా వదినా, నువ్వే ముందు కాలెట్టాల."

"నానెట్టను. నాకు కుళ్ళే," అని గవరమ్మ చెయ్యి విడిపించుకుంది. ఆ రోజు గంజి తాగి పడుకుంది.

ఆ ఏడే గాలివాన వచ్చింది. గవరమ్మ గుడిసె కూలిపోయింది. పైడమ్మా మొగుడూ వెళ్ళి, తాటాకుల కింద నుంచి ఆవిణ్ణి లాగి, మోసుకొచ్చి తమ ఇంట్లో పడుకోబెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది. పైన పెంకుల మీద వాన దంచేస్తోంది. లోపల ఒక్క చుక్క పడట్లేదు. గవరమ్మ నేలంతా చేత్తో తడిమి చూసింది.

"ఎంత పొడిగా ఉందే నీ ఇల్లు," అంది. "నాకు కుళ్ళే."

"ఉండనీ వదినా. ఈసారి బళ్ళొత్తే నీ ఇల్లే అడుగుతాను."

గవరమ్మ తల తిప్పి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కోసం ఒకరు ఒకటి అడుగుతామనడం అదే మొదలు.

"నాకోసం అడుగుతావా?"

"అడుగుతాను."

"నిజంగా అడుగుతావా?"

"అడుగుతాను వదినా."

"మరిసిపోతావేమో. అడుగుతావా?"

"నా పిల్ల మీద ఒట్టు. అడుగుతాను."

వాన వెలిసేసరికి గవరమ్మ పోయింది.

నాలుగో ఏడు బళ్ళొచ్చాయి. "ఎవరి ఇల్లు అడుగుతారయ్యా?" అన్నాడు పేష్కారు. పైడమ్మ లేచి నిలబడింది.

"మా గవరమ్మొదిన ఇల్లు బాబూ."

పేష్కారుకి సంగతి చెప్పారు. "మనిషి లేదు కదమ్మా," అన్నాడు మెల్లగా.

"లేదు బాబూ. ఐనా మాటిచ్చాను. అడగాల." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చుట్టూ చూసింది. పైడమ్మకి ఇల్లొచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది సన్యాసి. కొత్త తాటాకు కప్పిన అతని ఇల్లు గాలివానకి లేచిపోయింది. "ఇంక సన్నాసి ఇల్లు సూడండి. పిల్లలు సెట్టు కింద ఉన్నారు. నాకు కుళ్ళే. ఐనా అడుగుతన్నాను," అంది.

అప్పటినుంచి కొటారుపాలెం నుంచి బళ్ళు ఎప్పుడూ వెనక్కి పోలేదు.

ఇప్పుడు రాజుగారూ లేరు, పేష్కారూ లేడు. ఇళ్ళు మంజూరు చెయ్యడానికి పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలేసి సభ పెడతారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరూ తమ ఇల్లు తాము అడగరు. పక్కవాళ్ళ ఇల్లు అడుగుతారు. "నాకు కుళ్ళే, ఐనా అడుగుతన్నాను," అనే మొదలుపెడతారు. సభంతా నవ్వుతుంది.

అయితే అంతకంటే ముందు ఊరి పెద్దావిడ ఒకావిడ లేచి, "మా గవరమ్మ ఇల్లు బాబూ," అని అడుగుతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు కాగితాలు తిరగేసి, ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో లేరమ్మా అంటాడు.

"లేదు బాబూ," అంటుంది ఆవిడ. "ఐనా అడగాల."