సిత్తమ్మ మాగవేసిన వెన్నపండు

అనగనగా, ఏడు సముద్రాలకు ఆవల, మెక్సికో కొండల్లో ఒక ఊరుండేది. ఆ ఊరి అడవి నిండా వెన్నపండు చెట్లే. అదే కన్నా, మొన్న సబ్బులా ఉందని ఉమ్మేశావే, ఆ అవకాడో పండు.

ఆ చెట్లను మనుషులు నాటలేదు. ఏనుగంత మృగాలు ఆ పండ్లను గింజతో సహా గుటుక్కున మింగి, ఎక్కడో దూరాన పేడ వేసేవి. అక్కడ మొక్క లేచేది. ఆ తర్వాత ఆ మృగాలు నశించిపోయాయి. పండ్లు చెట్టు కిందే రాలి కుళ్ళిపోయాయి. చివరికి ఒక్క ముసలి చెట్టు మిగిలింది.

ఆ ఊళ్ళో సిత్లాలి అనే ఆవిడ ఉండేది. నోరు తిరక్కపోతే సిత్తమ్మ అనుకో. వాళ్ళమ్మకు పళ్ళన్నీ ఊడిపోయాయి, మొక్కజొన్న రొట్టె నమల్లేదు. చెట్టు కింద మెత్తగా దొరికిన పండే ఆవిడకు అన్నం. ఆ చెట్టు కాస్తా పోతే అమ్మ ఏం తింటుందని సిత్తమ్మకు ఒకటే బెంగ.

అప్పుడు సిత్తమ్మ ఒక గింజ తెచ్చి, తల్లి నీడలో చల్లగా పెరుగుతుందని ఆ చెట్టు మొదట్లోనే నాటింది. మొక్క జానెడు లేచి, పాలిపోయి చచ్చిపోయింది.

పండు సరిగ్గా పండలేదేమో అనుకుంది. అప్పుడు అన్నిటికంటే పెద్ద కాయను చూసుకుని, కొమ్మ మీదే పండనిద్దామని కాపలా కాసింది. నెల పోయింది, రెండు నెలలు పోయాయి. కాయ రాయిలాగే ఉంది. సిత్తమ్మకు ఒళ్ళు మండి, దాన్ని తెంపి మొక్కజొన్న పొట్టు గంపలో పారేసింది.

ఆ తర్వాత వారానికి చూస్తే, కాయ వెన్నలా మాగి ఉంది!

అమ్మ బోసినోటితో నవ్వింది. "పిచ్చిదానా, ఇది కొమ్మను పట్టుకుని ఉన్నన్నాళ్ళూ పండదే. విడిస్తేనే మాగుతుంది."

అప్పుడు సిత్తమ్మకు మొక్క ఎందుకు చచ్చిందో తెలిసింది. ఈసారి ఆ పెద్ద పండు గింజను చెట్టుకు దూరంగా, తన వాకిట్లో ఎండ తగిలేచోట నాటింది. మొక్క నిలిచింది.

ముసలి చెట్టు అమ్మ ఉన్నన్నాళ్ళూ కాసింది. అమ్మ పోయిన ఏడాదే అదీ కూలింది. సిత్తమ్మ ఇద్దరి కోసమూ ఏడ్చింది.

వాకిట్లో చెట్టు ఏటేటా కాసింది. సిత్తమ్మకూ పళ్ళు ఊడాయి. అప్పుడు ఆవిడ కూతురు అన్నిటికంటే పెద్ద కాయ కోసి, పొట్టులో మాగవేసి, మెదిపి తల్లి నోట్లో పెట్టింది. సిత్తమ్మ తృప్తిగా తిని, గింజ కడిగి కూతురి చేతిలో పెట్టింది.

"దూరంగా నాటవే అమ్మా," అంది.

కథేమో కంచికి,
గింజేమో మంటికి,
నిద్రేమో నీ కంటికి.