దగ్గు మానేసిన దర్జీ

గుంపస్వామి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు. "మీ ఊరికి బస్సు ఎన్నింటికి?" అని అడిగేవారు. మర్నాడు ఆ బస్సు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని, అడిగినవాళ్ళ గుమ్మం ముందు నిలబడేవారు. అందుకని ఆయన శిష్యులం ప్రశ్నలు కాస్త ఆచితూచి అడిగేవాళ్ళం. జవాబు దొరికినా దొరక్కపోయినా ఒక పూట భోజనం, మూడు నాలుగు టీలు మాత్రం మన బాధ్యత అయ్యేవి. నలభై ఏళ్ళపాటు నాటకాలు ఆడి, ఆడించి, సాలూరులో విశ్రాంతిగా ఉంటున్న మనిషి ఆయన. నటన అంటే ఇదీ అని ఒక్క వాక్యం ఎవరికీ చెప్పలేదు. తనకి చెప్పారని ఎవరైనా అంటే, వాడు ఆయన దగ్గర చదువుకోలేదని మాకు వెంటనే తెలిసిపోయేది.

ఆయన శిష్యుల్లో ఆఖరిది నీలవేణి. విశ్వవిద్యాలయంలో నాటక కళ మీద ఎమ్మే చేసి, బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో నాటకం టీచరుగా చేరింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి రోజూ ఆఖరి పీరియడు ఆమెది. చదువుకున్నదంతా దాచుకోకుండా పిల్లలకి పెట్టాలని ఆమె ఆశ. ఊపిరి ఎలా తీసుకోవాలో, కింద పడితే దెబ్బ తగలకుండా ఎలా పడాలో, పాత బాధని తలచుకుని కన్నీళ్ళు ఎలా తెచ్చుకోవాలో అన్నీ వరసగా నేర్పింది. కళ్ళు మూసుకుని నేల మీద పడుకుని తమ వెన్నెముక గురించి ఆలోచించమంటే ఇద్దరు నిజంగానే నిద్రపోయారు. తక్కినవాళ్ళు కష్టపడ్డారు. అదే ఆమె దిగులు. ఎంత కష్టపడితే అంత అన్యాయంగా నటిస్తున్నారు.

ఒకరోజు మాస్టారికి ఫోను చేసి అడిగేసింది. "మాస్టారూ, బడిపిల్లలకి పెద్ద నటన నేర్పడం అసలు సాధ్యమేనా? పదిహేనేళ్ళ కుర్రాడికి డెబ్బై ఏళ్ళ మనిషి బాధ ఎలా తెలుస్తుంది? ఏం చేసి తెలియజెప్పాలి?"

"మీ ఊరికి బస్సు ఎన్నింటికమ్మా?" అన్నారు మాస్టారు.

తర్వాత జరిగినదాంట్లో కొంత నీలవేణి నాకు చెప్పింది, కొంత ఆ బడి లెక్కల మాస్టారు సన్యాసిరావు గారు చెప్పారు. ఇద్దరి మాటల్లో తేడా వచ్చినచోట నేను సన్యాసిరావు గారి మాటే తీసుకున్నాను. ఆయనకి నాటకం రాదు.

గుంపస్వామి మాస్టారు గురువారం వచ్చారు. అప్పటికి నీలవేణి నెత్తిన ఇంకో కష్టం పడి ఉంది. జిల్లా పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. ఈసారి పోటీకి నాటకం తీసుకెళ్ళకపోతే వచ్చే ఏడు నాటకం పీరియడే ఉండదని యాజమాన్యం ముందే చెప్పింది. సరిగ్గా అప్పుడే, ఆ సోమవారం నుంచి, ఆమె ఆఖరి పీరియడుని లెక్కల మాస్టారు తీసేసుకున్నారు. సన్యాసిరావు గారు బడిలో అందరికన్నా సీనియరు, టైంటేబులు ఆయన చేతిలో ఉంటుంది. పైగా సోమవారం నుంచి ఆయన ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడటం లేదు. క్లాసులోకి రావడం, బోర్డు నిండా రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించి చూస్తూంటే పదో తరగతి మొత్తం గజగజలాడుతోంది. ఏం తప్పు చేశామో ఎవరికీ అంతుపట్టలేదు.

రిహార్సలు మధ్యాహ్నం అన్నాల వేళలో పెట్టుకున్నారు. నాటకం నీలవేణే రాసింది. చూపు మందగించిన ముసలి దర్జీ, సూదిలో దారం ఎక్కించలేకపోతున్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొస్తూంటాడు. అదీ కథ. దర్జీ వేషం చిన్నంనాయుడిది. పదో తరగతి, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద ఉత్సాహం. వాడు నడుం కొడవలిలా వంచి, మాటమాటకీ దగ్గుతూ, చేతులు వణికించుకుంటూ వచ్చాడు. ఆ వణుకుడికి సూది ఎగిరి ముందు వరసలో ఉన్న అమ్మాయి జడలో పడింది. దాన్ని వెతికి తీసేసరికి సీను అయిపోయింది.

"ఎలా ఉంది మాస్టారూ?" అంది నీలవేణి, జవాబు తెలిసినా.

"ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉంది? డాక్టరుకి చూపించారా?" అని అడిగారు మాస్టారు. చిన్నంనాయుడు దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని మరో రెండుసార్లు దగ్గాడు.

పీరియడు పోయిన సంగతి విన్నాక మాస్టారు పిల్లల్ని దగ్గరికి పిలిచారు. "మీ పీరియడు మీరే అడిగి తెచ్చుకోండర్రా. గుంపుగా వద్దు, ఒక్కొక్కరూ వెళ్ళండి. అబద్ధం మాత్రం ఆడకూడదు." అని చెప్పి, నీలవేణి వైపు తిరిగి, "టీ దొరుకుతుందామ్మా?" అన్నారు.

మొదట గౌరీశ్వరి వెళ్ళింది. తరగతిలో ఏడుపు అందరికన్నా బాగా వచ్చిన పిల్ల. చిన్నప్పుడు చచ్చిపోయిన మేకపిల్లని తలచుకుంటే చాలు, కళ్ళు నిండుతాయి. స్టాఫు రూములో సన్యాసిరావు గారు ఒక్కరే ఉన్నారు. ఆ పిల్ల ఆయన ఎదుట నిలబడి మేకపిల్లని తలచుకుంది. ఏడుపు బ్రహ్మాండంగా వచ్చింది గాని, ఆ ఏడుపులో పీరియడు సంగతి అడగడం కుదరలేదు. ఆయన కాసేపు చూసి, జేబులోంచి రుమాలు తీసి ఇచ్చి, తలుపు వైపు వేలు చూపించారు. రుమాలుతో తిరిగొచ్చింది.

తర్వాత తవిటినాయుడు. వాడు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. కళ లేని జాతి కళ తప్పుతుందని, పిడికిలి బిగించి, గొంతు మూడు స్థాయుల్లో మార్చి, ఆరు నిమిషాలు మాట్లాడాడు. సన్యాసిరావు గారు పూర్తిగా విని, ఒక కాగితం మీద పెద్ద లెక్క రాసి వాడి చేతిలో పెట్టారు. వాడు దాన్ని చూసుకుంటూ వచ్చి ఓ మూల కూర్చున్నాడు. ఆ సాయంత్రానికి కూడా అది తెమల్లేదు.

మూడోసారి చిన్నంనాయుడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, "సార్..." అని ఒక్క కేక పెట్టి, నీలవేణి నేర్పినట్టే ముందు మోకాలు, తర్వాత తుంటి, తర్వాత భుజం ఆనించి స్పృహ తప్పి పడిపోయాడు. చక్కగా పడ్డాడు. సన్యాసిరావు గారు వాణ్ణి జాగ్రత్తగా దాటుకుని వెళ్ళి, కూజాలోంచి గ్లాసెడు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టారు. వాడు లేచి ఒకటే పరుగు.

"అబద్ధం ఆడొద్దన్నారు కదరా మాస్టారు!" అంది నీలవేణి, తడిసి వచ్చినవాణ్ణి చూసి.

"నేనెక్కడాడాను మేడం? నోరే ఇప్పలేదు గదా!" అన్నాడు వాడు.

ఇంక లాభం లేదని ఆమే బయల్దేరింది. చూపు నిలిపి, పొట్టలోంచి గాలి తీసుకుని, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, తను చదువుకున్న చదువంతా ఆ ఐదు వాక్యాల్లో పెట్టి అడిగింది. సన్యాసిరావు గారు చిత్తుకాగితం మీద 'పరీక్షలు' అని రాసి, కింద రెండు గీతలు గీసి చూపించారు. ఆమె తిరిగొచ్చి బెంచీ మీద కూలబడింది. నాటకమూ పోయింది, ఉద్యోగమూ పోతుంది, గురువుగారేమో రెండో టీ తాగుతున్నారు.

"మాస్టారూ, నా చెప్పులు అక్కడుండిపోయాయండి," అన్నాడు చిన్నంనాయుడు మెల్లగా.

"వెళ్ళి తెచ్చుకో."

ఈసారి వాడికి నటించే ఉద్దేశం లేదు. సారు కంటపడకుండా చెప్పులు పట్టుకుని వచ్చేస్తే చాలు. పిల్లిలా వెళ్ళాడు. గుమ్మం దగ్గర వంగినవాడు తలెత్తి చూస్తే, సన్యాసిరావు గారు గోడవైపు కూర్చుని, జంతిక ముక్కని టీలో నానబెట్టుకుని తింటున్నారు. ఒక చేత్తో దవడ పట్టుకుని ఉన్నారు. బల్ల మీద స్టీలు గ్లాసులో, నీళ్ళలో, ఆయన పళ్ళున్నాయి.

ఇది సన్యాసిరావు గారు స్వయంగా నాకు చెప్పిన మాట. తల తిప్పి చూస్తే గుమ్మంలో కుర్రాడు. నవ్వుతాడనుకున్నారట. నవ్వలేదు. ఆయన చప్పున మళ్ళీ గోడవైపు తిరిగి, పళ్ళు పెట్టుకుని, కండువా సర్దుకుని, లేచి నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని వాడి వైపు చూశారు. సోమవారం నుంచి తరగతిని వణికిస్తున్న చూపు అదే.

"నొప్పిగా ఉందేటి సార్?" అన్నాడు చిన్నంనాయుడు.

నాలుగు రోజులుగా ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన అడగనిచ్చింది లేదు. ఇప్పుడు నోరు విప్పారు. ఆదివారం కట్టించుకున్న పళ్ళు. చిగురు వాచింది. అది ఓర్చుకోవచ్చు. కాని 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది. ఆయన మాటల్లో ఎక్కడెక్కడ ఈల వచ్చిందో నేను రాయలేను, చదువరులే వేసుకోవాలి.

"సమీకరణం, సూత్రం, సంఖ్య, సున్న! ఆ అక్షరం లేని మాట లెక్కల్లో ఒక్కటుందేటిరా?"

చిన్నంనాయుడు నిజాయితీగా ఆలోచించాడు. "గుణకారం ఉంది సార్."

"గుణకారంతో పదో తరగతి గట్టెక్కుతారేటిరా! అందుకే నోరు మూసుకుని బోర్డు మీద రాస్తున్నాను. రాస్తే రెట్టింపు టైము పడుతోంది. మీ పీరియడు నేనేం సరదాకి తీసుకోలేదు."

వాడు చెప్పులు చేత్తో పట్టుకునే ఒక అడుగు లోపలికి వేశాడు. "సార్, మీరు రాయండి. నేను పక్కన నిలబడి గట్టిగా చదివీస్తాను. అయితే మీకు ఒక్క పీరియడు సరిపోద్ది. నా గొంతు పెద్దదని మేడం రోజూ తిడతన్నారు, ఇలగైనా పనికొస్తాది."

సన్యాసిరావు గారు టైంటేబులు తీసి, ఆఖరి పీరియడు దగ్గర తన పేరు కొట్టేశారు. తర్వాత, "ఎవరికీ చెప్పకు," అన్నారు.

"చెప్పను సార్."

చెప్పులు వేసుకుని వచ్చి, "మేడం, మన పీరియడు మనకిచ్చీసారు. ఇవాళ్టి నుంచే," అన్నాడు. అందరూ మీద పడ్డారు. ఎలా ఇచ్చారు? ఏం చేశావు? ఏడ్చావా? మళ్ళీ పడ్డావా? "అడిగాను, ఇచ్చారు," అన్నాడు. గౌరీశ్వరి వాడి జుట్టు పట్టుకుని ఊపినా అంతకు మించి రాలేదు. రోజూ చీమ కుట్టినా ఊరంతా చెప్పే కుర్రాడు అలా పెదవులు బిగించి కూర్చోవడం నీలవేణి ఎన్నడూ చూడలేదు.

ఆఖరి పీరియడులో మళ్ళీ దర్జీ సీను వేశారు. గౌరీశ్వరి జాకెట్టు గుడ్డ తీసుకుని కుట్టించుకోవడానికి వచ్చే సీను. చిన్నంనాయుడు నిటారుగా వచ్చి నిలబడ్డాడు. నడుం వంచలేదు. చేతులు వణకలేదు. గుడ్డ అందుకుని, మడత విప్పి, వేళ్ళతో అంచు తడిమి, "బాగుందమ్మా" అన్నాడు. సూది తీసి, మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆ పిల్లకి కనబడకుండా గోడవైపు తిరిగాడు. దారం ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి ప్రయత్నించలేదు. సూదిని చొక్కా అంచుకి గుచ్చుకుని, భుజాలు సర్దుకుని ఇటు తిరిగాడు. "రేపు రామ్మా. ఇవాళ మంచి దారం లేదు," అన్నాడు. ఎప్పుడూ పక్క ఊరికి వినపడే ఆ గొంతు వెనక బెంచీకి సరిగ్గా అందేంత వచ్చింది.

గౌరీశ్వరి తన తర్వాతి మాట మరిచిపోయింది. గదిలో ఎవరూ అందించలేదు, అందరూ మరిచిపోయారు. మూల కూర్చున్న తవిటినాయుడు కూడా లెక్క మీంచి తలెత్తాడు.

ఆ సీనులో నీలవేణి రాసిన దగ్గులు పదకొండు. వాడు ఒక్కటీ దగ్గలేదు. ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె సగం లేచింది. "చిన్నం..." అనబోయి, వాడి భుజాలు చూసి, మెల్లగా కూర్చుంది. పెన్ను మూత పెట్టేసింది. ఆమె ఆపకపోయేసరికి పిల్లలు తర్వాతి సీనులోకి వెళ్ళారు, అక్కణ్ణుంచి ఇంకో సీనులోకి. గంట కొట్టేదాకా సాగింది.

పోటీల సంగతి అడుగుతారని తెలుసు. వీళ్ళకి రెండో బహుమతి వచ్చింది. మొదటిది తొమ్మిది మంది చచ్చిపోయే నాటకానికి ఇచ్చారు. పీరియడు మాత్రం నిలబడింది. సన్యాసిరావు గారికి చిగురు తగ్గి, మాట చక్కబడింది. ఇప్పుడాయన ఈ కథ తనే అందరికీ చెప్పుకుంటారు.

ఆ గురువారం సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక నీలవేణి బెంచీలు సర్దుతూ గురువుగారి దగ్గరికి వచ్చింది. "వాడికి అక్కడ ఏం జరిగిందో మీకు తెలుసా మాస్టారూ?"

"తెలీదమ్మా."

"రేపు పిలిచి అడగనా?"

"వద్దు. అడిగితే చెప్పేస్తాడు."

ఆమె చివరి బెంచీ గోడకి ఆనించింది. ఉండబట్టలేక, "అయితే నేను రెండేళ్ళుగా చెప్పిన పాఠాలన్నీ దండగేనా?" అంది.

"అలా ఎందుకంటావు? ఇవాళ నువ్వు చెప్పిన పాఠం ఎంత బాగుందని!" అన్నారు గుంపస్వామి మాస్టారు. "అరగంటసేపు నోరు విప్పలేదు."